సబ్ ఊఫర్ కొనాలా, స్పీకర్లు మార్చాలా?

ఇంట్లో స్టీరియో పెట్టుకుని పాటలు వినే అలవాటున్న వాళ్ళకు ఎప్పుడో ఒకప్పుడు ఒక సందేహం వస్తుంది. చేతిలో కాస్త డబ్బు చేరింది. ఉన్న స్పీకర్లకు తోడుగా ఒక సబ్ ఊఫర్ తెచ్చుకుందామా, లేక ఆ స్పీకర్లనే తీసేసి ఇంకాస్త మంచివి పెట్టుకుందామా అని. ఈ వేళ ఆ విషయమే ముచ్చటించుకుందాం. నేను బళ్ళారిలో చాలా ఏళ్ళు పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పినవాణ్ణి. రేడియోలు విప్పి చూడటం మాత్రం అంతకు ముందు నుంచీ ఉన్న పిచ్చి. అందుచేత బంధువుల ఇళ్ళల్లో పాటల పెట్టె ఏది మొరాయించినా ముందు నాకే కబురు వస్తుంది.

రెండేళ్ళ క్రితం హోసూరు నుంచి మా అక్క కొడుకు ఫోన్ చేశాడు. "మామా, ఇరవై వేలు చేర్చినాను. సబ్ ఊఫర్ తీసుకుందామని ఉంది. ఏమంటావు?" అన్నాడు. ఎందుకురా అన్నాను. "పాటలో పస లేదు మామా. ఇళయరాజా పాట పెడితే బేస్ గిటార్ ఉందో లేదో తెలీడం లేదు" అన్నాడు. వాడి మాట పూర్తి కాకముందే పక్కనుంచి మా అమ్మ గొంతు వినిపించింది. "దాన్లో మీ నాయన ఏం పాడతాండాడో ఒక్క మాటా తెల్లేదురా. అది సరి చేయమని చెప్పు ముందు."

మా అమ్మ అక్క దగ్గరే ఉంటుంది. అప్పటికి ఆమెకు 82 ఏళ్ళు. ఆమె చెప్పేది ఏమిటంటే, మా నాయన నాటకాల మనిషి. బళ్ళారి రాఘవగారు వకీలుగా ఉంటూ నాటకాలాడిన ఊరు మాది. ఆ గాలి సోకని ఇల్లు మా వీధిలో ఉండేది కాదు. 1984లో పక్క ఊళ్ళో హరిశ్చంద్ర నాటకం వేసినప్పుడు ఎవరో పుణ్యాత్ములు టేప్ రికార్డర్ పెట్టి నాయన పద్యాలు పట్టారు. నాయన గొంతు మాకు మిగిలింది ఆ ఒక్క క్యాసెట్టులోనే. దాన్ని మా మేనల్లుడే కంప్యూటర్‌లోకి ఎక్కించి, పెన్ డ్రైవ్‌లో పెట్టి అవ్వకు వినిపిస్తుంటాడు. రాగం వినిపిస్తుంది, గొంతు వినిపిస్తుంది, మాటలు మాత్రం ముద్దగా ఉంటాయి. మొదట్లో ఇంత కష్టంగా ఉండేది కాదట.

ఇరవై వేలు ఒకటే. కోరికలు రెండు. వాడికి గంభీరమైన నాదం కావాలి, అవ్వకు మాట కావాలి. ఈ రెండూ ఒకే పెట్టెలో దొరకవు. ఎందుకు దొరకవో చెప్పాలంటే శబ్దం గురించి నాలుగు మాటలు చెప్పుకోవాలి.

మన చెవి వినగలిగేది సెకనుకు 20 కంపనాల నుంచి 20 వేల కంపనాల వరకు. సెకనుకు ఒక కంపనాన్ని ఒక హెర్ట్జ్ అంటారు. వయసులో ఉన్నవాళ్ళ లెక్క ఇది. వయసు మీరేకొద్దీ పై కొస నుంచి తరుగుతూ వస్తుంది. మగవారి మాటలో అడుగునాదం సుమారు 85 నుంచి 180 హెర్ట్జ్ మధ్య ఉంటుంది. ఆడవారిది దాదాపు దానికి రెట్టింపు. అయితే మాట మాటగా తెలిసేది ఆ అడుగునాదం వల్ల కాదు. క, త, ప, స, శ లాంటి హల్లులు ఉన్నాయి చూడండి, వాటి గుర్తులు చాలావరకు వెయ్యి హెర్ట్జ్ పైన, కొన్ని నాలుగైదు వేల పైన కూడా ఉంటాయి. ఆ భాగం పోతే "పాలు" అన్నాడో "కాలు" అన్నాడో తెలియదు. దీనికి సాక్ష్యం మన ఇంట్లోనే ఉంది. పాతకాలపు తీగ టెలిఫోను 300 నుంచి 3400 హెర్ట్జ్ వరకే మోసేది. మగవాడి గొంతులోని అడుగునాదం అందులో రానే రాదు. అయినా అవతల మాట్లాడేది బావగారో, బాకీవాడో హలో అనగానే తెలిసిపోయేది. పై కంపనాలను బట్టి మన మెదడు అడుగునాదాన్ని తానే పూరించుకుంటుంది. చిన్న ట్రాన్సిస్టర్‌లో కూడా బేస్ గిటార్ స్వరం ఏదో మనకు తెలియడానికి కారణం అదే. స్వరం తెలుస్తుంది, బరువు తెలియదు.

సబ్ ఊఫర్ చేసే పని ఆ బరువు ఇవ్వడం. సాధారణంగా 80 హెర్ట్జ్ కింద ఉన్న నాదాన్ని మాత్రమే అది మోస్తుంది. మాటకు అది ఇచ్చేది ఏమీ లేదు.

మరి మనం వినే సంగీతంలో 80 హెర్ట్జ్ కింద ఏముంది? కర్ణాటక సంగీతం తీసుకోండి. ఒకటిన్నర శ్రుతిలో పాడే విద్వాంసుడి ఆధార షడ్జమం సుమారు 139 హెర్ట్జ్. ఆయన తంబురాలో మంద్ర షడ్జమం దానిలో సగం, అంటే 69. అయిదు శ్రుతిలో పాడే విదుషీమణికి ఆ తీగ 98 దగ్గరే ఆగిపోతుంది. మృదంగం ఎడమవైపు రవ్వ ముద్ద అంటించి తీసే గుమ్కీ 100 హెర్ట్జ్‌కి అటూ ఇటూ తిరుగుతుంది, ఒక్కోసారి ఇంకా కిందికి దిగుతుంది. మన మృదంగం, తబలా నాదాల్లో తీగ వాద్యాల్లాంటి పొందిక ఎలా వస్తుందో సర్ సి. వి. రామన్ 1920లోనూ, మళ్ళీ 1934లోనూ వివరించారు. మన పూర్వులు చర్మం మీద పూసిన కరణంలో ఎంత శాస్త్రం ఉందో ఆ పత్రాలు చదివితే తెలుస్తుంది. సరే, అది వేరే ప్రసంగం. ఇప్పటికి మనకు కావలసింది ఇంతే. కచేరీలు, ఘంటసాలగారి పాటలు, పద్యాలు, హరికథలు వినేవారికి ఆరున్నర అంగుళాల ఊఫర్ ఉన్న మంచి స్పీకర్ల జత చాలు. ఆ కిందికి ఆ సంగీతమే దిగదు.

బేస్ గిటార్ సంగతి వేరు. దాని లావుపాటి తీగ 41 హెర్ట్జ్. పియానో చివరి మెట్టు 27.5. ఇళయరాజా పాటల్లో బేస్ గిటార్ వెనకాల తాళం కొట్టడంతో ఊరుకోదు, తానూ ఒక పాట పాడుతుంటుంది. ఈ కాలపు సినిమా పాటల్లో కీబోర్డు మీద పుట్టించే నాదాలు ఇంకా కిందికి పోతాయి. మా మేనల్లుడి కోరికలో తప్పేమీ లేదు. వాడి స్పీకర్లలో ఉన్నవి అయిదంగుళాల ఊఫర్లు.

చిన్న ఊఫర్ ఎందుకు పలకలేదు? దీనికి ఒక చిన్న లెక్క ఉంది. స్పీకర్ కోన్ ముందుకూ వెనక్కూ కదిలి గాలిని తోస్తుంది. 80 హెర్ట్జ్ నాదాన్ని ఎంత గట్టిగా పలికిందో, 40 హెర్ట్జ్‌నూ అంతే గట్టిగా పలకాలంటే కోన్ నాలుగు రెట్లు ఎక్కువ కదలాలి. 20 హెర్ట్జ్ అయితే పదహారు రెట్లు. అయిదంగుళాల కోన్ అంత కదిలితే చిరిగి చేతికొస్తుంది. అదే పదంగుళాల కోన్ అయితే వైశాల్యం నాలుగింతలు కాబట్టి నాలుగో వంతు కదిలితే సరిపోతుంది. పెద్ద గంగాళంతో నీళ్ళు తోడినట్టు, చిన్న చెంబుతో తోడినట్టు. చెంబుతోనూ తోడవచ్చు, చెయ్యి పడిపోతుంది.

ఇంత చెప్పి ఫోన్‌లో తీర్పు ఇచ్చేయవచ్చు. కాని చూడకుండా చెప్పడం వైద్యుడికే మంచిది కాదు. అమ్మను చూసినట్టూ ఉంటుందని ఆ శనివారమే బస్సెక్కాను.

వెళ్ళి చూద్దును కదా, హాలులో ఒక స్పీకర్ అద్దాల షోకేసులో వెంకటేశ్వరస్వామి పటం పక్కన ఉంది. రెండోది ఫ్రిజ్ మీద ఉంది. అవ్వ కుర్చీ ఫ్రిజ్ వైపు. "ఇదేంరా" అంటే, "చోటు లేదు మామా" అన్నాడు.

ముందు వెనక తీగలు చూశాను. షోకేసులో ఉన్న దానికి ఎర్ర తీగ ఎర్ర చోట ఉంది. ఫ్రిజ్ మీద దానికి తారుమారుగా ఉంది. దీనివల్ల ఏమవుతుందంటే, ఒక స్పీకర్ గాలిని ముందుకు తోస్తున్నప్పుడు రెండోది వెనక్కు లాగుతుంది. పై నాదాలలో అంతగా తెలియదు కాని, కింది నాదం మాత్రం ఒకదానికొకటి కొట్టేసుకుని పోతుంది. ఆ తీగ ఎవరు బిగించారని అడిగాను. వాడు నా ముఖం చూశాడు. నాలుగేళ్ళ క్రితం సంక్రాంతికి వచ్చినప్పుడు బిగించింది నేనే. అప్పుడు కళ్ళజోడు బస్సులో మరిచిపోయి ఉన్నాను. ఆ మాట ఇప్పుడు చెప్పుకుంటే సాకులా ఉంటుంది. నాలుగేళ్ళు వాడు ఆ బేస్ కోసం వెతుక్కున్నాడు.

ఈ పరీక్ష మీరూ చేసుకోవచ్చు. పైసా ఖర్చు లేదు. తీగల రంగు మాసి పోల్చుకోలేకపోతే, స్పీకర్ తీగలను యాంప్లిఫయర్ నుంచి విడదీసి, గోడ గడియారంలో వేసే 1.5 వోల్టుల సెల్లు తీసుకుని ఒక్క క్షణం తాకించండి. ఊఫర్ కోన్ టక్కుమని ముందుకో వెనక్కో కదులుతుంది. రెండు స్పీకర్లకూ సెల్లును ఒకే విధంగా తాకించినప్పుడు రెండూ ఒకే వైపు కదలాలి. సెల్లును అలాగే పట్టుకుని ఉంచవద్దు.

తర్వాత ముందు జాలీలు తీశాము. ఒకదానిలో ఊఫర్ చుట్టూ ఉండే ఫోమ్ అంచు వేలు పెడితే పిండిలా రాలింది. ఫోమ్ అంచు స్పీకర్లకు ఇది తప్పని జబ్బు. మన ఎండలకూ ఉక్కకూ పది పదిహేనేళ్ళలో పొడి అయిపోతుంది. రబ్బరు అంచు అంతకన్నా చాలాకాలం మన్నుతుంది. ఇక ఫ్రిజ్ మీది స్పీకర్‌కు చెవి ఆనించి విన్నాను. ట్వీటర్ నుంచి చప్పుడే లేదు, కాలిపోయింది. హల్లులను మోసేది ఆ ట్వీటరే కదా. అవ్వ కూర్చునేది సరిగ్గా ఆ వైపే. ఆమెకు మాట తెలియకపోవడానికి సగం కారణం అక్కడ దొరికింది.

మిగతా సగం వయసు. పెద్దవాళ్ళకు ముందు తగ్గేది పై కంపనాలే. అందుకే వాళ్ళు "వినపడుతోంది కాని అర్థం కావడం లేదు" అంటారు. మనం అది మొండితనం అనుకుంటాం. అక్కతో చెప్పి ఆ వారంలోనే అమ్మకు చెవి పరీక్ష చేయించాం. ఇంట్లో పెద్దవారు టీవీ శబ్దం పెంచుతూ పోతున్నారంటే స్పీకర్ల కొట్టుకు వెళ్ళేముందు చెవి డాక్టరు దగ్గరికి వెళ్ళడం మేలు.

తీగలు సరిచేశాం. స్పీకర్లు రెంటినీ షోకేసులోంచి, ఫ్రిజ్ మీదనుంచి దించి, ట్వీటర్ కూర్చున్నవారి చెవి ఎత్తుకు వచ్చేలా స్టూళ్ళ మీద పెట్టి, గోడకు రెండడుగులు ముందుకు జరిపాం. గోడకు ఆనిస్తే బేస్ పెరుగుతుంది. మూలకు నెడితే ఇంకా పెరుగుతుంది, కాని అది బావిలోంచి మాట్లాడినట్టు ఉంటుంది. ఇంతలోకే పాట మారిపోయింది. మా వాడు "మామా, గిటార్ ఉంది!" అన్నాడు. నేనేమీ మాట్లాడలేదు.

గది సంగతి కూడా చెప్పాలి. ఎందుకంటే బేస్ విషయంలో గది మూడో స్పీకర్ లాంటిది. వాళ్ళ హాలు 12 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు. అంటే 3.66 మీటర్లు. గాలిలో శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది. దాన్ని గది పొడవుకు రెట్టింపుతో భాగిస్తే 47 వస్తుంది. ఆ 47 హెర్ట్జ్ నాదం ఆ రెండు గోడల మధ్య ఊయలలా ఊగుతుంది. చదరపు గది కనుక అటు గోడల మధ్యా అదే, ఇటు గోడల మధ్యా అదే. రెండూ ఒకచోట పడి ఆ ఒక్క స్వరం గుమ్మని లేస్తుంది. గోడ దగ్గర కూర్చుంటే చెవులు అదిరిపోతాయి, గది నడుమ కూర్చుంటే ఆ స్వరం మాయమైపోతుంది. కాబట్టి సోఫా రెండడుగులు జరిపితే సంగీతమే మారిపోతుంది. కొట్టువాడు ఈ సంగతి చెప్పడు, సోఫా జరిపితే వాడికేమీ రాదు.

మా బళ్ళారి పాత మిద్దె ఇల్లు పొడుగ్గా ఉంటుంది, వాకిళ్ళు తెరిచే ఉంటాయి, నాదం పోయేదారి పోతుంది. సిమెంటు స్లాబు, టైల్స్ నేల ఉన్న కొత్త ఇళ్ళల్లో బేస్ లోపలే తిరుగుతుంటుంది. పరదాలు, బొంతలు, పరుపులు పై నాదాల గలగలను తగ్గిస్తాయి కాని 47 హెర్ట్జ్‌ను అవి పట్టుకోలేవు. ఇక గోడకు గోడ కలిసిన బరంపురం పాతవీధుల్లోనో, యానాం అపార్ట్‌మెంట్లలోనో ఉన్నవారు ఇంకొకటి ఆలోచించుకోవాలి. మాట గోడ దగ్గర ఆగుతుంది, బేస్ ఆగదు. మీ ఇంట్లో పాట, పక్కింట్లో వట్టి దడదడ. ఆ ఇంట్లో పసిబిడ్డ ఉంటే రాత్రి తొమ్మిది తర్వాత మీ సబ్ ఊఫర్ ఉన్నా లేనట్టే. షోలాపూర్‌లో మరమగ్గాల పక్కన కాపురం ఉన్నవారికి మగ్గం చప్పుడే పాటలోని సున్నితమైన భాగాన్ని మింగేస్తుంది. వారికి మాట స్పష్టంగా పలికే స్పీకర్ దగ్గరగా పెట్టుకోవడమే దారి.

ఇంత జరిగినా మా మేనల్లుడి మనసు సబ్ ఊఫర్ మీదే ఉంది. నేను వద్దనలేదు. మరునాడు స్నేహితుడి దగ్గర పదంగుళాల సబ్ ఊఫర్ ఒకటి అడిగి తెచ్చాడు. మంచి వస్తువే. ఇళయరాజా పాట పెట్టాడు. నిజం చెప్పాలి, నాకూ ఒళ్ళు జల్లుమంది. నేల మీద కాళ్ళకు తెలిసింది. తర్వాత అవ్వ కోసం తాత పద్యాలు పెట్టాడు. పద్యం మొదలుకాకముందే గుంయ్ మని ఒక మోత మొదలై ఆగకుండా సాగింది. అవ్వ వాకిలి వైపు చూసి, "ఎవరిదో లారీ నిలిపినారు, దాన్ని పొమ్మని చెప్పు" అంది.

అది లారీ కాదు. మన ఇళ్ళకు వచ్చే కరెంటు సెకనుకు 50 సార్లు అటూ ఇటూ మారుతుంది. 1984లో ఆ పందిట్లో మైకు తీగ కరెంటు తీగ పక్కన పడి ఉండవచ్చు. ఆ 50 హెర్ట్జ్ హోరు క్యాసెట్టులో ఎక్కింది. ఇన్నాళ్ళూ చిన్న స్పీకర్లు పలకలేక దాన్ని దాచాయి. సబ్ ఊఫర్ దాన్ని బయటికి తీసింది. పైగా ఆ గది 47 దగ్గర ఊగే గది, 50 దానికి పక్కింటిదే. పాత క్యాసెట్లు, ఇంటి రికార్డింగులు, గ్రామఫోను రికార్డులు వినేవారు ఇది గుర్తుంచుకోవాలి. 80 హెర్ట్జ్ కింద వాటిలో ఉండేది చాలావరకు సంగీతం కాదు. హోరు, మైకు తగిలిన దెబ్బ, రికార్డు తిరిగే గురక, ఇవే.

ఆ రాత్రి వాడు తనంతట తానే, "ముందు స్పీకర్లే మారుద్దాం మామా" అన్నాడు.

పాతవి బాగు చేయించవచ్చు కదా అని మీరడగవచ్చు. ఫోమ్ అంచు ఒక్కటే పోయి ఉంటే నేనూ అదే చెప్పేవాణ్ణి. కొత్త అంచు అంటించే పనివాళ్ళు పెద్ద ఊళ్ళల్లో ఉన్నారు, ఖర్చు తక్కువ. మంచి పాత స్పీకర్లను ఆ చిన్న రోగానికి పారవేయడం దండగ. కాని ఇక్కడ ట్వీటర్ కూడా పోయింది, దానికి జోడీ దొరకలేదు. చేతికందిన ఏదో ట్వీటర్ వేస్తే ఎడమ చెవికి ఒక గొంతు, కుడి చెవికి ఇంకో గొంతు వినిపిస్తుంది.

బెంగళూరు వెళ్ళి కొన్నాం. కొట్టులో వినేటప్పుడు రెండు జాగ్రత్తలు. వాళ్ళు పెట్టే పాట వినవద్దు. అది ఆ స్పీకర్‌కు నప్పే పాట. మీ పాట మీరు తీసుకువెళ్ళండి. ముందు ఒక మనిషి గొంతు వినండి, మీకు బాగా తెలిసిన గొంతు. మేము నాయన పద్యం తీసుకువెళ్ళాం. రెండోది, రెండు జతలు పోల్చేటప్పుడు శబ్దం సమానంగా ఉండేలా చూసుకోండి. కాస్త గట్టిగా పలికేది ఎప్పుడూ మంచిదిగా అనిపిస్తుంది, అది చెవి బలహీనత. ఇక పెట్టె మీద అంటించిన వాట్లు చూసి మోసపోకండి. పి.ఎం.పి.ఓ. అని వేల వాట్లు అచ్చు వేస్తారే, ఆ అంకెకు ఒక నియమం అంటూ లేదు, ఎవరికి తోచింది వారు వేసుకుంటారు. ఆర్.ఎం.ఎస్. అని రాసినదే కొంతవరకు నమ్మదగింది. అదైనా రెట్టింపు వాట్లకు పెరిగేది 3 డెసిబెల్లే. చెవికి రెట్టింపు గట్టిగా వినపడాలంటే సుమారు పదింతలు వాట్లు కావాలి.

ఆరున్నర అంగుళాల ఊఫర్, రబ్బరు అంచు, పట్టు గుడ్డలాంటి గుమ్మటం ఉన్న ట్వీటర్, అలాంటి జత పదిహేడు వేలకు కుదిరింది. మిగిలిన మూడు వేలలో వడ్రంగి చేత రెండు స్టాండ్లు చేయించి, మంచి తీగ కొన్నాడు. ఈసారి తీగ వాడే బిగించాడు. నన్ను తాకనివ్వలేదు.

సాయంత్రం నాయన పద్యాలు పెట్టాం. మూడో పద్యం నడుమ అమ్మ చెయ్యెత్తి ఆపమంది. మళ్ళీ పెట్టమంది. మళ్ళీ విని, "అదిగో, మీ నాయన మాట మరిచినాడు. పక్కనుంచి ఎవరో అందిస్తాండారు, విను" అంది. నిజమే. రాగం లాగుతూ ఆయన ఆగిన చోట వెనకాల ఒక గుసగుస ఉంది. ఆ క్యాసెట్టు నేను ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు, అది నాకు ఎప్పుడూ వినపడలేదు. అందరూ ఆయన ఆ రాగాన్ని కావాలనే సాగదీశాడు అనుకునేవాళ్ళం.

సబ్ ఊఫర్ మరుసటి ఏడు దీపావళికి వచ్చింది. దాన్ని ఎలా కుదిర్చామో చెబుతాను, కొనేవారికి పనికొస్తుంది. ముందుగా ఒక మాట. మూడంగుళాల బుల్లి స్పీకర్లు నాలుగో అయిదో, వాటికి తోడు ఒక పెట్టె కలిపి హోమ్ థియేటర్ అని అమ్ముతారు చూడండి, నేను చెబుతున్నది దాని గురించి కాదు. ఆ బుల్లి స్పీకర్లు 150, 200 హెర్ట్జ్ కింద పలకలేవు. అందుచేత మగవాడి గొంతులో అడుగుభాగం మూలనున్న పెట్టెలోంచి, పైభాగం గోడ మీది డబ్బాలోంచి వస్తుంది. ఒకే మనిషి రెండు చోట్ల నిలబడి పాడినట్టుంటుంది. నాకైతే అది సబ్ ఊఫర్ అనబుద్ధి కాదు. అసలు స్పీకర్లు 60, 70 వరకు తామే దిగగలిగితేనే సబ్ ఊఫర్ వాటికి కింద ఆసరా అవుతుంది. 80 హెర్ట్జ్ కింద నాదం ఎటునుంచి వస్తోందో చెవి పోల్చుకోలేదు కాబట్టి పెట్టె ఎక్కడున్నా పాట ముందునుంచే వచ్చినట్టుంటుంది.

ఎక్కడ పెట్టాలన్నదానికి ఒక మొరటు పద్ధతి ఉంది, లెక్కలకన్నా అదే మేలు. సబ్ ఊఫర్‌ను మీరు కూర్చునే సోఫా మీద కూర్చోబెట్టండి. బేస్ ఎక్కువున్న పాట పెట్టి, మీరు నేల మీద గోడ వెంబడి మోకాళ్ళ మీద పాకండి. ఎక్కడ బేస్ మోత లేకుండా, స్వరాలన్నీ సమానంగా వినిపిస్తాయో అక్కడ గుర్తు పెట్టి, పెట్టెను తెచ్చి అక్కడ దింపండి. మేము మామా అల్లుళ్ళం ఇద్దరం హాలంతా పాకుతుంటే అమ్మ, "ఏమి పోగొట్టుకున్నార్రా" అని అడిగింది.

యాంప్లిఫయర్‌కు సబ్ ఊఫర్ కోసం వేరే రంధ్రం ఉంటే సరే. లేకపోతే స్పీకర్ తీగలనే కలుపుకునే వీలున్న సబ్ ఊఫర్ కొనాలి. వాడిది పాత యాంప్లిఫయర్, అందుకని అలాగే చేశాం. వెనకాల ఉన్న గుబ్బను 60 దగ్గర పెట్టి మొదలుపెట్టాం, చివరికి 70 దగ్గర కుదిరింది. ఫేజ్ అని 0, 180 రాసిన మీట ఒకటి ఉంటుంది. ఒకరు కూర్చుని వింటుంటే ఇంకొకరు దాన్ని అటూ ఇటూ వెయ్యండి. ఏ వైపు వేస్తే బేస్ నిండుగా ఉంటుందో అదే మీ గదికి సరైనది. శబ్దం పెంచే గుబ్బను సబ్ ఊఫర్ ఉన్నట్టు తెలిసేదాకా పెంచి, తెలియకుండా పోయేదాకా తగ్గించండి. కుర్రవాళ్ళు రెండో సగం మరిచిపోతారు. రాత్రిళ్ళు చిన్న శబ్దంతో వింటే బేస్ పలచబడినట్టు ఉంటుంది. అది పెట్టె తప్పు కాదు, మెల్లగా వచ్చే కింది నాదాలకు మన చెవి మందం. ఫ్లెచర్, మన్‌సన్ అనే ఇద్దరు 1933లోనే దీన్ని కొలిచి చూపించారు. పాత యాంప్లిఫయర్లలో లౌడ్‌నెస్ అనే మీట పెట్టింది అందుకే.

ఇప్పుడు వాళ్ళింట్లో ఏర్పాటు ఇది. వాడు పాటలు పెట్టుకున్నప్పుడు సబ్ ఊఫర్ పలుకుతుంది. తాత పద్యాలు పెట్టేముందు దాని మీట కట్టేయాలి, లేకపోతే ఆ 50 హెర్ట్జ్ లారీ మళ్ళీ వాకిట్లోకి వస్తుంది. వాడు ఒక్కోసారి మరిచిపోతాడు. అప్పుడు అమ్మే కుర్చీలోంచి మెల్లగా లేచి, గోడ పట్టుకుని వెళ్ళి, ఆ పెట్టె వెనకాల చెయ్యి పెట్టి టక్కుమని ఆపి వచ్చి కూర్చుంటుంది.